బాలింత సంరక్షణ: ఇంటిల్లిపాది ధర్మము

పర్యుషణ దినములలో కల్పసూత్ర శ్రవణము చేయు కుటుంబములకు ఒక ఘట్టము సుపరిచితము. గర్భస్థుడైన వర్ధమానుడు తన కదలికవలన తల్లికి బాధ కలుగునేమో యని నిశ్చలముగా నుండెను. కదలిక తెలియక త్రిశలాదేవి శోకింపగా, ఆమెకు ఊరట కలుగుటకై మరల కొంచెము కదలెను. లోకమునకు అహింసను బోధింపనున్న మహానుభావుని దయ మొట్టమొదట కన్నతల్లిపైననే ప్రసరించినది. చీమకు సయితము హాని కలుగరాదని నడచుకొను మన ఇండ్లలో, బిడ్డను కని బలహీనురాలైయున్న తల్లి విషయమున ఎంత జాగ్రత్త వహించుచున్నామో ఒకమారు విచారింతము.

మన ప్రాంతమునకు ఈ విషయమున ఒక చరిత్ర కలదు. 1890 దశకమున తిండివనములో ఒకే రాత్రి మూడు కుటుంబములవారు, ప్రసవవేదన పడుచున్న తమ స్త్రీలకు సాయము కోరి డాక్టరు జాన్ స్కడ్డర్ ఇంటికి వచ్చిరి. కాని పురుష వైద్యుడు చూచుటకు సమ్మతింపరైరి. తెల్లవారునప్పటికి ముగ్గురు తల్లులును మరణించిరి. ఆ దుఃఖమే కారణముగా డాక్టరుగారి కుమార్తె ఐడా స్కడ్డర్ వైద్యవిద్య నభ్యసించి, 1900లో వేలూరు చేరెను. 1902లో 40 పడకల షెల్ ఆసుపత్రిని తెరచెను. వేలూరునుండి గుడియాత్తము పోవు బాటలో దారిప్రక్కన ఆగి పల్లెప్రజలకు చికిత్స చేసెను. 1918లో స్త్రీలకై వైద్యపాఠశాల నెలకొల్పెను. నేటి క్రిస్టియన్ మెడికల్ కాలేజి అట్లు పెరిగినదే. నేడు స్త్రీలకు వైద్యము అందుబాటులో నున్నది. అయినను ఆసుపత్రినుండి ఇల్లు చేరిన తరువాతి నలువది దినములు ఇంటివారి చేతిలోనివే.

ఈ దినములకై మన పెద్దలు పథ్యము నేర్పరచిరి. తెలుగువారింట కాయము, తమిళులింట ప్రసవ లేహ్యము, మార్వాడీలింట శొంఠి, గోందు లడ్డులు. పేర్లు వేరైనను మూడిండ్లలోను శొంఠికి పెద్దపీటయే. పచ్చి అల్లము ముట్టని మన ఇండ్లలో కూడ శొంఠికి సాధారణముగా అభ్యంతరము లేదు. ఇవి రుచి పుట్టించి, శక్తి నిచ్చు మంచి పదార్థములు. కాని లడ్డు పెట్టి పప్పు, కూర మాన్పించుట తగదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారము, తొలి ఆరు నెలలు పాలిచ్చు తల్లికి దినమునకు 600 కేలరీలును, సుమారు 17 గ్రాముల మాంసకృత్తులును అదనముగా కావలెను. దుంపలు, ఉల్లి, వెల్లుల్లి లేకుండనే పెసరపప్పు, కందిపప్పు, పాలు, పెరుగు, నువ్వులు, రాగులు, మునగాకు ఈ అవసరమును తీర్చగలవు. డాక్టరు వ్రాసియిచ్చిన ఇనుము, కాల్షియము మాత్రలను మధ్యలో మానరాదు. ప్రసవానంతరము ఇనుము మాత్రలు 180 దినములు వాడవలెనని ప్రభుత్వ విధానము.

ఇక కొన్ని ఇండ్లలో పెద్దల మాటగా సాగుచున్న నాలుగు అలవాట్లను గమనింపవలెను.

1. పచ్చి కడుపని నీరు ఇయ్యకుండుట. పాలిచ్చు తల్లికి దాహ మెక్కువ. కాచి చల్లార్చిన నీరు మన ఇండ్లలో ఎల్లప్పుడు నుండునదే. దానిని అడిగినంత ఇయ్యవలెను.

2. ముర్రుపాలు పిండి పారబోసి, బిడ్డకు తేనెయో, ఘుట్టీయో నాకించుట. తేనె మన ఆచారమునకే నిషిద్ధము; ఏడాది నిండని బిడ్డకు ప్రమాదకరము కూడ. పుట్టిన గంటలోపల తల్లిపాలు పట్టవలెను. ఆరు నెలలవరకు అవియే చాలును. ముర్రుపాలు బిడ్డకు రోగములనుండి తొలి రక్షణ.

3. తలుపులు మూసి మంచము క్రింద కుంపటి పెట్టుట. బొగ్గునుండి వచ్చు విషవాయువునకు రంగు, వాసన లేవు. తల్లీబిడ్డల ప్రాణములకే ముప్పు.

4. పాలిచ్చు తల్లి ఉపవాసములకు పూనుకొనుట. త్యాగ తపములు శక్తికి తగినట్లుండవలెనని తత్త్వార్థసూత్రమే చెప్పుచున్నది. చౌవిహార్ పాటించు ఇంటి కోడలికి రాత్రి నీరు త్రాగుటకు వీలిచ్చు తివిహార్ కలదు. అదియు కష్టమైనచో గురువులను, డాక్టరును సంప్రదించి నిర్ణయించుకొనవలెను. పగటి భోజనమునే మూడు నాలుగు మారులుగా పంచి పెట్టుట మంచిది.

సూతకము పేర బాలింతను వేరుగా నుంచుట ఆమెకు విశ్రాంతి కలిగించుటకై యుండవలెను గాని, ఒంటరిని చేయుటకు కాదు. ప్రసవమైన కొన్నాళ్లు కంటతడి, చికాకు సహజములు. రెండు వారములు దాటినను దిగులు తగ్గకున్నను, బిడ్డపై మనసు పోకున్నను దానిని సోమరితనమని నిందింపక వైద్యునకు చూపవలెను.

క్రింది లక్షణములలో ఏది కనబడినను కషాయము కాచుచు కూర్చుండరాదు: గంటలోపల గుడ్డ తడిసిపోవునంత రక్తస్రావము, 100.4 డిగ్రీలు దాటిన జ్వరము, దుర్వాసనగల స్రావము, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, మూర్ఛ, ఆయాసము, ఒక కాలు వాచి నొప్పి పుట్టుట. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసికొనిపోవలెను. దుకాణము మూసినపిదప చూతమనియు, మామగారు ఊరినుండి వచ్చినపిదప అడుగుదమనియు జాగు చేయరాదు.

సోదరులారా! బాలింత సేవ అత్తగారికి, తల్లికి మాత్రమే సంబంధించిన పనికాదు. మొదటి దినము, మూడవ దినము, రెండవ వారము, ఆరవ వారము తల్లీబిడ్డలను డాక్టరుకు చూపించు బాధ్యత భర్తదే. బాకీల గడువు తేదీలను మరువని మన వ్యాపారులు ఈ నాలుగు తేదీలను కూడ పుస్తకమున వ్రాసికొందురుగాక.