తొలకరి తర్వాత పెరటి వైపూ ఓ కన్నేయండి

మృగశిర వానలు నాలుగు పడేసరికి రైతు ధ్యాసంతా దుక్కి మీద, విత్తనం మీద ఉంటుంది. ఇంటి చుట్టూ ఉన్న జాగా ఎవరికీ పట్టదు. సరిగ్గా ఈ రోజుల్లోనే అక్కడ పురుగులు పెచ్చుమీరుతాయి. తొలి వాన వెలిసిన సాయంత్రం దీపం చుట్టూ మూగే ఉసుళ్లు చెదపురుగుల్లో రెక్కలొచ్చినవే. రెక్కలు రాల్చుకుని, జంటలుగా నేలలోకి దూరి కొత్త పుట్టలు పెడతాయి. ఆ పూట వీధిలైటు ఆర్పి, కాస్త దూరంగా సబ్బునీళ్ల పళ్లెం మీద బల్బు వేలాడదీస్తే చాలావరకు అందులో పడి చస్తాయి.

పెరటి పురుగుల్లో ఎక్కువవాటికి కాపురం పెట్టించేది మనమే. మాగని పెంటకుప్ప, రాలిన కాయ, నీళ్లు నిలిచిన చిప్ప ఉంటే వాటికి అంతకన్నా ఏం కావాలి? ముందు పురుగు పుట్టే చోటు చక్కబెట్టండి, మందు సంగతి ఆ తర్వాత చూడొచ్చు.

పెంటకుప్పలో కొమ్ము పురుగు

కొబ్బరి మొవ్వులోంచి కొత్తగా విచ్చిన ఆకు విసనకర్రలా కత్తిరించి ఉంటే అది కొమ్ము పురుగు పనే. మొవ్వు మొదట్లో రంధ్రం, దాని నోట నమిలి వదిలిన పీచు కనిపిస్తాయి. చెట్టెక్కి తినేది రెక్కలున్న పెంకు పురుగు. దాని పిల్ల పురుగులు మాత్రం పెంటకుప్పలోనూ, కుళ్లిన కొబ్బరి మొద్దుల్లోనూ పెరుగుతాయి. కుప్పను జానెడు లోతు తవ్వి చూడండి. గోధుమరంగు తల, తెల్లటి లావుపాటి ఒళ్లు, అర్ధచంద్రాకారంలో ముడుచుకుని ఉంటాయి. ఇవి పెంకు పురుగులుగా మారడానికి నెలలు పడుతుంది. అంటే దొరకబుచ్చుకోవడానికి మనకు కావలసినంత సమయం ఉన్నట్టే.

పొలానికి ఎరువు తోలే ఈ రోజుల్లో కుప్పను అడుగుదాకా తిరగవేయండి. బయటపడ్డ పురుగులను కోళ్లే ఏరుకు తింటాయి. మిగిలిన ఎరువులో మెటారైజియం శిలీంద్రపు పొడిని, ప్యాకెట్ మీద చెప్పిన మోతాదులో నీళ్లలో కలిపి చల్లండి. కుప్ప తడి ఆరకుండా చూడాలి. ఈ బూజు పట్టిన పురుగు ఒళ్లు ఆకుపచ్చగా మారి చనిపోతుంది. కూలిన కొబ్బరి మొద్దులను పెరట్లో వదిలేయకండి.

చెట్టు మీద రంధ్రం కనిపిస్తే ఇనుప కొక్కెంతో పురుగును లాగేయాలి. పై రెండు మూడు మట్టల మొదళ్లలో 250 గ్రాముల వేపపిండిని అంతే ఇసుకతో కలిపి వేయాలి. లేత మొక్కలకైతే మొవ్వు దగ్గరి మట్టల మొదళ్లలో మూడు నాలుగు నాఫ్తలీన్ గోళీలు పెట్టి ఇసుక కప్పినా సరిపోతుంది. ఆకు తెగితే తెగిందిలే అని ఊరుకోవద్దు. ఆ గాయాల్లోనే ఎర్రముక్కు పురుగు గుడ్లు పెడుతుంది. అది కాండాన్ని లోపలినుంచి తొలిచి చెట్టునే చంపేస్తుంది.

బీర, కాకర పాదుల్లో పండు ఈగ

పిందె మీద సూది మొనంత గాటు, దాని మీద జిగురు బొట్టు కనిపిస్తే ఈగ గుడ్లు పెట్టి వెళ్లిపోయిందన్నమాటే. ఆ పిందె వంకర తిరిగి, మెత్తబడి రాలిపోతుంది. లోపల పెరిగిన పురుగులు బయటకు గెంతి, మట్టిలోకి దూరి కోశస్థ దశకు వెళ్తాయి. అందుకే పుచ్చిన కాయను పెంటకుప్ప మీదికి విసిరితే మళ్లీ ఈగల్ని పెంచినట్టే. రాలిన కాయలను ఏ రోజుకారోజు ఏరి పాలిథీన్ సంచిలో మూతి బిగించి ఎండలో పెట్టండి, లేదా రెండడుగుల గోతిలో పూడ్చండి. పాదు చుట్టూ మట్టిని అప్పుడప్పుడు గుల్లచేస్తే కోశాలు పైకి వచ్చి పక్షుల పాలవుతాయి. పిందె దశలోనే కాగితం సంచి తొడిగితే ఈగకు చోటే దొరకదు. క్యూ లూర్ బుట్టలు మగ ఈగలనే పట్టుకుంటాయి, వాటిని నమ్ముకుని ఏరివేత మానవద్దు.

మునగ మాను మీద గొంగళ్లు

రాత్రి ఆకు మేసి, పగలు మాను మీద గుంపుగా చేరే గొంగళ్లను కాగడాతో కాల్చడం మనకు అలవాటు. ఆదమరిస్తే బెరడు కూడా కాలుతుంది. పాత చీపురుతో సబ్బునీళ్ల బకెట్‌లోకి ఊడ్చేయడం మేలు. చేతులకు గుడ్డ చుట్టుకోండి, నూగు తగిలితే దురద, దద్దుర్లు వస్తాయి.

గాదెలో, వాకిట్లో

విత్తనానికి దాచిన పెసలు, కందులు ఒక గుప్పెడు తీసి వెలుతురులో చూడండి. గింజకు తెల్లటి చుక్కలు అంటుకుని ఉంటే అవి పుచ్చు పురుగు గుడ్లు. ఈ పురుగు చేలో కాయ మీదే గుడ్లు పెట్టి, గింజతోపాటు ఇంటికి వస్తుంది. వాన తెరిపిచ్చిన రోజు గింజను పంటి కింద పటుక్కుమనేదాకా ఎండబెట్టి, చల్లారాక గాలి చొరని డబ్బాల్లో పోయండి. తిండికి ఉంచుకునే అపరాలకు కిలోకు 5 మిల్లీలీటర్ల వంటనూనె పట్టించవచ్చు. కందులను పప్పు చేయిస్తే ఈ పురుగు బెడద బాగా తగ్గుతుంది. మనుషులు పడుకునే ఇంట్లో మాత్రం అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెట్టొద్దు. ఆ గ్యాసు ప్రాణాలు తీస్తుంది.

డెంగీ దోమకు కొబ్బరి చిప్పలో, పాత టైరులో, కుండీ కింది పళ్లెంలో నిలిచిన గుక్కెడు నీళ్లు చాలు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి తొట్లన్నీ ఒలకబోయండి. తొట్టి లోపలి గోడకు అంటిన గుడ్లు ఎండినా చావవు. అంచులను పీచుతో రుద్ది కడగాలి.

చేను మందు పెరటికి వద్దు

పత్తికి కొట్టగా మిగిలిన మందును బెండ, వంగ మొక్కల మీద చల్లడం చాలా ఊళ్లలో కనిపిస్తుంది. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించారు. చేలో కొట్టిన మందుకు కోతదాకా గడువు ఉంటుంది. పెరట్లో కాయ తెల్లారితే కూరలోకి వస్తుంది.

ఆ మందుకు బదులు వేప కషాయం చేసుకోవచ్చు, ఇప్పుడు వేపపండ్లు రాలుతున్నాయి. ఏరి, గుజ్జు కడిగి, గింజలు నీడన ఆరబెట్టుకోండి. పప్పు దంచి, లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున రాత్రంతా నానబెట్టి వడకట్టి, చిటికెడు సబ్బుపొడి కలపండి. రసం పీల్చే పేనుబంక, పిండినల్లి ఉన్న ఆకుల అడుగు భాగం తడిసేలా సాయంత్రం పూట పిచికారీ చేయండి. వారం తర్వాత మళ్లీ ఓసారి కొట్టండి. కాయలు కోసుకున్నాకే కషాయం చల్లండి, తర్వాతి కోతలో కాయల్ని శుభ్రంగా కడిగి వండుకోండి.