అరకు మంచు – అంబాసిడర్ టాపు లైనింగు

పాతకారును బాగుచేయడం అనగానే మనకు ముందుగా ఇంజను గుర్తుకొస్తుంది, ఆ తరువాత రంగు. లోపల కూర్చున్నవాడు తలెత్తితే కనిపించే కప్పు గుడ్డ, అదే షెడ్ల భాషలో టాపు లైనింగు, చివర్లో డబ్బు మిగిలితే చేయించే సోకు కింద లెక్క. మైదానంలో ఈ లెక్కతో రోజులు గడిచిపోతాయేమో గాని అరకు, పాడేరు, చింతపల్లి వైపు తిరగవలసిన బండికి ఇది కుదరదు. ఆ గుడ్డ వెనుక ఏం జరుగుతున్నదో చూడకుండా కొత్తది బిగిస్తే, గుడ్డ కొత్తగానే ఉంటుంది, దానిపైన రేకు మాత్రం తుప్పుపట్టి పోతుంది.

అంబాసిడర్‌నే తీసుకుందాం. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ నమూనాగా హిందుస్థాన్ మోటార్స్ వారు 1957లో మొదలుపెట్టి, 2014 మే నెల వరకు ఉత్తరపారాలో తయారుచేసిన బండి ఇది. జీపుకున్నట్లు దీనికి కాన్వాసు టాపు కాదు, రేకు కప్పు. ఆ తరం కార్లలో లైనింగును రేకుకు అతికించేవారు కారు. గుడ్డ వీపున అడ్డంగా సన్నని గొట్టాల మాదిరి కుట్లు వేసి, వాటిలో వంపు తిరిగిన ఇనుప కడ్డీలు దూర్చి, కడ్డీల కొనలను రెండు పక్కలా తలుపుల పైనున్న చట్రంలో నిలబెడతారు. అంచులు మాత్రమే గమ్ముతో అంటుకొని ఉంటాయి. ఒకరకంగా అది కారు లోపల వేసిన గుడారం. గుడారానికీ రేకుకూ నడుమ మిగిలిన ఖాళీలోనే మన కథంతా ఉన్నది.

శృంగవరపుకోట దాటి అనంతగిరి మీదుగా అరకు చేరేసరికి సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తుకు వస్తాం. డిసెంబరు తెల్లవారుజామున బయట 10 డిగ్రీలున్నదనుకోండి. కప్పు రేకూ అంతే చల్లగా ఉంటుంది. ఆ చల్లదనం దగ్గర ఒక ఘనమీటరు గాలి ఇముడ్చుకోగలిగిన నీటి ఆవిరి 9.4 గ్రాములు మాత్రమే. కారు లోపల 3 ఘనమీటర్ల గాలి ఉంటుందనుకుంటే మొత్తం 28 గ్రాములు. ఊరికే కూర్చున్న మనిషి ఊపిరితోనూ చెమటతోనూ గంటకు 40 గ్రాముల నీటినైనా బయటికి వదులుతాడు. బండిలో అయిదుగురుంటే 200 గ్రాములు. చలికి అద్దాలన్నీ ఎత్తేసి కూర్చుంటే, మొదట లోపలి గాలి బొత్తిగా పొడిగా ఉన్నదనుకున్నా, పది నిమిషాలు తిరిగేసరికి ఆ 28 గ్రాములూ నిండిపోతాయి. ఇక వచ్చే ఆవిరి చల్లని చోటల్లా నీరై కూర్చుంటుంది. ముందు అద్దం మీద కూర్చున్నదాన్ని డ్రైవరు గుడ్డతో తుడుస్తాడు. రేకు అడుగున కూర్చున్నదాన్ని ఎవరు తుడుస్తారు? చిల్లుల రెక్సిన్ అయినా, నేత గుడ్డ అయినా ఆవిరిని ఆపలేదు. ఆపగలిగే మందపాటి రెక్సిన్ అంచుల దగ్గర దారి ఇస్తుంది. పైగా ఒకసారి లోపలికి పోయిన తడిని తొందరగా బయటికి రానివ్వదు.

మన ఏజెన్సీ ఇళ్ల గడ్డి కప్పులకు ఈ బాధ తక్కువ. కింద పొయ్యి సెగ, పొగ రోజూ కప్పులోంచి పోతూ గడ్డిని ఆరబెడుతూ ఉంటాయి. కారుకు పొయ్యి లేదు గనుక ఆ పని ముందే చేసి పెట్టాలి.

కాబట్టి కొత్త గుడ్డ కొనకముందే పాతది విప్పండి. ముందు అద్దం, వెనుక అద్దం, వాటి రబ్బరు బీడింగులు ఊడదీయక తప్పదు, లైనింగు అంచులు వాటి కిందికే పోతాయి. తొందరపడి పాత గుడ్డను చింపి పారేయవద్దు. బ్రిటన్‌లో పాత మోరిస్ కార్లున్నవారికి కత్తిరించి కుట్టిన సెట్లు అమ్మేవాళ్లున్నారు. మనకు ఆ చినిగిన గుడ్డే కొలత. కుట్లు విప్పి, ముక్కలకు గుర్తులు వేసి దాచాలి. కడ్డీలు చూడడానికి ఒక్కలాగే ఉంటాయి గాని వాటి పొడవు, వంపు వేరువేరు. ముందునుంచి వెనక్కి వరసగా నెంబర్లు కట్టాలి, కుడి ఎడమలు కూడా రాయాలి. ఇది అయిదు నిమిషాల పని. చేయకపోతే రెండు రోజుల తలనొప్పి.

ఇప్పుడు ఉత్తి రేకు కనిపిస్తుంది. తుప్పు గీకి, రెడాక్సైడు వేసి, అది ఆరాక అద్దాలు తాత్కాలికంగా బిగించి నీళ్ల పరీక్ష చేయాలి. నీరు కారే కాలువ వెంబడి, అద్దాల చుట్టూ లోపలివైపు సుద్దపొడి చల్లి, ఒకరు పైనుంచి గొట్టంతో నెమ్మదిగా నీళ్లు పోస్తుంటే ఇంకొకరు లోపల కూర్చుని చూడాలి. పొడి మీద గీత పడినచోటు కారుతున్నచోటు. గుడ్డ బిగించాక ఈ పరీక్షకు వీలుండదు. మరక కనిపించేనాటికి అసలు చిల్లు మూరెడు అవతల ఉంటుంది, నీరు కడ్డీ పట్టుకొని నడిచి వస్తుంది మరి.

రేకు అడుగున జనపనార పట్టీ అతికించడం పాత పద్ధతి. కొండమీద అది నీళ్లు తాగిన గోనెపట్టాలాగా తయారవుతుంది. నీరు పీల్చని నురుగు షీటు మేలు. కాని అక్కడక్కడ చుక్కలు పెట్టి అతికిస్తే దాని వెనుక కూడా చెమ్మ చేరుతుంది. రేకుకు పూర్తిగా అంటుకోవాలి. అప్పుడే లోపలి గాలికి చల్లని ఇనుము తగలదు. కొత్త కార్లలాగా స్పాంజి వీపున్న గుడ్డను నేరుగా రేకుకు అంటించమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. చవకే. నాలుగు వానాకాలాలు పోయాక స్పాంజి పొడిపొడిగా రాలి, గుడ్డ జారి డ్రైవరు నెత్తిమీదికి వస్తుంది.

బిగించే రోజు ఎండ ఉండాలి. ఇది పంచాంగం మాట కాదు. మనం వాడే రబ్బరు గమ్మును రెండు ముఖాలకూ రాసి, వేలికి అంటనంతగా ఆరాక కలపాలి. గమ్ములోని ద్రావకం ఆవిరవుతూ ఆ పూతను చల్లబరుస్తుంది. గాలి పొగమంచుతో నిండి ఉంటే ఆ చల్లని పూతమీద కంటికి ఆనని తడి పేరుకుంటుంది, ఇక అతుకు నిలవదు. అందుచేత పొద్దున్నే మొదలుపెట్టకుండా మంచు విడిచిపోయాక పది, పదకొండు గంటలకు పట్టుకోవాలి. ఎండలో పరచిన రెక్సిన్ కూడా మెత్తబడి లాగితే సాగుతుంది. చలిలో అది అట్టముక్క.

కడ్డీలన్నీ నిలబెట్టాక ముందు అద్దం నడిమధ్య ఒకచోట, వెనుక అద్దం నడిమధ్య ఒకచోట పట్టించి, అక్కడినుంచి మూలలకు పోవాలి. పక్కలకు లాగేటప్పుడు కుట్టు దగ్గరే లాగాలి, రెండు కుట్ల నడుమ లాగితే ముడత పుడుతుంది. మూల తిరిగేచోట గాట్లు పెట్టాలి, మరీ లోతుగా వద్దు. కుట్టుకు నైలాను దారమే వాడమనండి, నూలు దారం చెమ్మకు కుళ్లిపోతుంది.

తలుపుల డోర్ ప్యాడ్లది ఇదే జబ్బు, దారి వేరు. అద్దం దిగే సందులోంచి వాననీరు తలుపు పొట్టలోకి ఎటూ పోతుంది, పోనివ్వాలి. తలుపు అడుగు రంధ్రాలు మట్టితో పూడకుండా పుల్లతో పొడవాలి. ప్యాడు వెనుక ప్లాస్టిక్ షీటు పరచి, దాని కింది అంచును తలుపు లోపలికి దోపాలి, బయటికి వదిలితే నీరంతా అట్టలోకే దిగుతుంది. అట్టకు ముందువెనుకలే గాక నాలుగు అంచులకూ, క్లిప్పుల రంధ్రాల చుట్టూ కూడా వార్నిషు పట్టించండి. ఉబ్బడం మొదలయ్యేది అక్కడే.