నృత్యం : కళయా? క్రీడయా? – ఒక పరిశీలన

మన తెలుగులో 'ఆట' అనే మాటకు ఉన్నంత విశాలమైన అర్థం చాలా కొద్ది మాటలకే ఉంటుంది. పిల్లలు చెడుగుడు ఆడితే అది ఆట. సినిమా హాల్లో మొదటి ఆట, రెండవ ఆట. మన నిమ్మలకుంట కళాకారులు తెర మీద ఆడించేది తోలుబొమ్మలాట. కోలలు పట్టి ఆడేది కోలాటం. పీర్ల పండుగనాడు గుండం చుట్టూ వేసే అడుగులు కూడా ఆటే. "ఈ రాత్రికి ఆట ఉందంట, పొద్దుండగానే బువ్వ తినండి" అని మా అవ్వ అంటే, అది ఏ ఆటో తెలుసుకోవడానికి ఇంకొక ప్రశ్న వేయవలసిందే.

మన పెద్దలు ఒకే మాటతో పిలిచినదాన్ని మనం ఇప్పుడు రెండు గదుల్లో పెట్టినాము. క్రీడ ఒక గది, కళ ఒక గది. విద్యాసంస్థల్లో వ్యాయామ విభాగం వేరు, సాంస్కృతిక విభాగం వేరు. ఇది కేవలం పేర్ల తగవు అని కొట్టిపారవేయడానికి లేదు. పేరు ఏ రిజిస్టరులో ఎక్కితే దాన్నిబట్టే మైదానం, శిక్షకుడు, దెబ్బ తగిలితే వైద్యం, చివరకు కోటా సర్టిఫికెట్టు కూడా ఉంటాయి గదా!

ఈ ప్రశ్న నాకు వక్తృత్వపు పోటీలో ఎదురు కాలేదు. రెండేండ్ల క్రితం ఒక ఆసుపత్రిలో ఎదురయింది. మా చిన్నాయన కొడుకు మోకాలు వాచి అడుగు వేయలేకపోతే, గుత్తి నుండి బస్సులో తీసుకొని పోయినాను. డాక్టరుగారు కాలు అటూ ఇటూ వంచి చూసి, "ఏం ఆట ఆడతావు నాయనా? కబడ్డీనా?" అన్నారు. "ఆట కాదు సార్, భజన" అన్నాడు వాడు. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వినారు. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. "భజన చేస్తే ఇంత దెబ్బ ఎట్లా తగులుతుందో కొంచెం చెప్పు" అన్నారు. వాడు చెప్పలేకపోయినాడు. వాడి తరఫున నేను ఆలస్యంగా చెబుతున్న జవాబే ఈ వ్యాసం అనుకోండి.

చెక్కభజన

రాయలసీమ మిత్రులకు చెక్కభజనను పరిచయం చేయనక్కరలేదు. ఇతరుల కోసం రెండు మాటలు. ఇత్తడి బిళ్లలు అమర్చిన రెండు కొయ్య చెక్కలను చేత పట్టుకొని, కాళ్లకు గజ్జెలు కట్టుకొని, పది పదిహేనుమంది వలయంగానో వరుసలుగానో నిలబడతారు. గురువు పాట ఎత్తుకుంటాడు. తక్కినవారు అందుకుంటారు. పాట నెమ్మదిగా మొదలై వేగం అందుకొనేకొద్దీ ఎగరడం, కూర్చోవడం, వెనుదిరగడం, మోకాళ్లమీద వాలి లేవడం ఉంటాయి. ఇవన్నీ పాడుతూనే చేయాలి. ఊపిరి పాటకు కావాలి, అడుగుకూ కావాలి.

మా ఊళ్లో శెనక్కాయ కోతలు అయిపోయినాక చలికాలం రాత్రుల్లో సాధన మొదలై శ్రీరామనవమికి ముగుస్తుంది. వానలు లేని ఏడు సగంమంది బెంగుళూరు పనులకు పోతారు కాబట్టి వలయం చిన్నదవుతుంది.

సైన్సు విద్యార్థిని కాబట్టి ఒకరోజు పరీక్షగా నా నాడి చూసుకొన్నాను. కూర్చున్నప్పుడు నిమిషానికి 74. ఒక పాట పూర్తికాగానే పదిహేను సెకండ్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే 160. గుండె కొట్టుకోగల గరిష్ఠ వేగానికి స్థూలంగా ఒక లెక్క ఉంది: 220లో వయస్సు తీసివేయడం. ఇరవై ఏండ్లవాడికి 200. అంటే రాముని పాట పాడుతూ నేను ఎనభై శాతం వరకు పోయినానన్నమాట.

ఇంకొక లెక్క. 60 కిలోల మనిషి 30 సెంటీమీటర్లు ఎగిరి దిగినాడనుకొందాం. దిగేటప్పుడు మోకాళ్లు వంచి, శరీరాన్ని ఇంకొక 30 సెంటీమీటర్ల దూరంలో ఆపితే, నేల అతని పాదాలపై చూపే సగటు బలం అతని బరువుకు రెండింతలు. మోకాళ్లు బిగించి 5 సెంటీమీటర్లలోనే ఆగితే ఏడింతలు! మా గురువుకు న్యూటన్ పేరు తెలియదు. అయినా మొదటిరోజు నుండి ఆయన చెప్పేది ఒక్కటే: "మోకాలు వంచి దిగండ్రా, బస్తా పడినట్టు పడొద్దు."

పూర్వులు ఏమన్నారు?

నృత్యంలో ఉన్న ఈ దేహశ్రమను మన పూర్వులు దాచిపెట్టలేదు. భరతుని నాట్యశాస్త్రం కాళ్ల కదలికలైన 'చారు'లను వివరిస్తూ 'వ్యాయామం' అనే మాటనే వాడింది. ఒంటికి నువ్వుల నూనె పట్టించి సాధన చేయాలని కూడా చెప్పింది. ఇది నర్తకుడికి చెప్పిన మాట, మల్లుడికి కాదు!

సుమారు 1520లో విజయనగరం చూసిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు శ్రీకృష్ణదేవరాయల దినచర్యను వర్ణించినాడు. తెల్లవారకముందే రాయలు నువ్వుల నూనె త్రాగి, ఒంటికి పట్టించుకొని, బరువులెత్తి, కత్తి తిప్పి, ఆ నూనె చెమటగా పోయేదాకా సాము చేసేవాడట. ఆ పేసే రాజభవనంలోని నాట్యశాలనూ వర్ణించినాడు. అక్కడ నర్తకీమణులు చేతులతో పట్టుకొని వ్రేలాడుతూ దేహాన్ని, కాళ్లను సాగదీసుకొని వంచడం నేర్చుకొనేందుకు ప్రత్యేకంగా ఒక చోటు ఉండేదట. మహానవమి ఉత్సవాల్లో నాట్యమూ, మల్లయుద్ధమూ అదే రాజు ఎదుట జరిగేవి. మన గుత్తి కోట కూడా ఆ రాజ్యంలోనిదే.

పేరిణి తాండవం సంగతీ ఇంతే. కాకతి గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయపసేనాని 13వ శతాబ్దంలో నృత్తరత్నావళి వ్రాసినాడు. యుద్ధవిద్య తెలిసినవాడే నృత్యశాస్త్రం వ్రాసినాడు! ఆ గ్రంథాన్ని, రామప్ప గుడి శిల్పాలను ఆధారం చేసుకొని నటరాజ రామకృష్ణగారు పేరిణిని మన కాలానికి తెచ్చినారు. కాబట్టి 'చెమట పట్టేది క్రీడ, పట్టనిది కళ' అనే వాదం నిలువదు.

ప్రపంచం ఏం చేసింది?

ఒలింపిక్స్ వారు ఈ సమస్యను అన్ని వైపుల నుండీ పట్టి చూసినారు. 1912 నుండి 1948 వరకు వాస్తు, సాహిత్యం, సంగీతం, చిత్రలేఖనం, శిల్పాలకు కూడా పతకాలు ఇచ్చినారు. ఆ ఐదింటిలో నృత్యం లేదు. తరువాత కళలకు పతకాలు మానివేసినారు. 1976లో మంచుపై జంటగా చేసే ఐస్ డాన్సు ఒలింపిక్స్‌లో చేరింది. 2024 ఆగస్టులో పారిస్‌లో 'బ్రేకింగ్' రంగప్రవేశం చేసింది. 1970లలో న్యూయార్కు బ్రాంక్స్ వీధుల్లో నల్లజాతి యువకుల మధ్య పుట్టిన నృత్యం అది. తొమ్మిదిమంది న్యాయనిర్ణేతలు సాంకేతికత, అడుగుల వైవిధ్యం, నిర్వహణ, సంగీతానుగుణ్యత, స్వతంత్రత అనే ఐదు అంశాలను సమానంగా తూచినారు. ఆడవారిలో జపాన్ యువతి అమి, మగవారిలో కెనడా యువకుడు ఫిల్ విజార్డ్ స్వర్ణాలు గెలిచినారు. 2028 లాస్ ఏంజిలిస్ క్రీడల జాబితాలో మాత్రం బ్రేకింగ్ లేదు.

మార్కులు వచ్చినచోట ఏమవుతుందో జిమ్నాస్టిక్స్ చెబుతుంది. 1976లో మాంట్రియల్‌లో నాడియా కొమనేచి పదికి పది తెచ్చుకొన్నది. 2006 నుండి ఆ పది అనే హద్దు తీసివేసి, కష్టానికి వేరే మార్కులు, దానికి పైహద్దు లేకుండా పెట్టినారు. ఇక కష్టం పెంచుకొంటూ పోవడమే దారి అయింది. ఇది వారి తప్పు అనను. క్రీడ లక్షణమే అది. లెక్కకు అందేది గెలుస్తుంది.

లెక్కకు అందనిది ఏమవుతుందో నేను కళ్లారా చూసినాను.

మా ఊరి కథ

రెండేండ్ల క్రితం పక్క మండలంలో ఒక జాతరకు చెక్కభజన పోటీలు పెట్టినారు. ఒక్కో జట్టుకు పదిహేను నిమిషాలు. దుస్తులకు ఇన్ని, అడుగుల కలయికకు ఇన్ని, విన్యాసాలకు ఇన్ని అని మార్కుల కాగితం ముందే ఇచ్చినారు. మా జట్టులో చదువుకొన్నవాడిని నేనే కాబట్టి కాగితం నా చేతికొచ్చింది. గడియారం పెట్టుకొని లెక్క కట్టినాను. మా భజనలో అశోకవనంలో సీతమ్మ పాట ఒకటుంది. ఆరు నిమిషాలు పడుతుంది. గురువు ఒక్కడే పాడతాడు. మేము నిలిచినచోటే చెక్కలు మెల్లగా తాటిస్తాము, అంతే. మా ఊళ్లో ఆడవాళ్లు ఆ పాట కోసమే కూర్చుంటారు. మార్కుల కాగితం ప్రకారం ఆ ఆరు నిమిషాలకు వచ్చేది దాదాపు సున్న.

ఆ పాట తీసివేద్దామని చెప్పింది నేనే. గురువు ఏమీ అనలేదు. "మీ ఇష్టం నాయనా" అన్నాడు. దాని స్థానంలో ఒకరి భుజాలమీద ఒకరు నిలబడే గోపురం పెట్టినాము. పైనున్నవాడు చెక్కలు వాయిస్తూ క్రిందికి దూకాలి. పైనున్నవాడు మా చిన్నాయన కొడుకు. క్రింద బండపరుపు.

రెండు మీటర్ల ఎత్తు నుండి దూకితే, మోకాళ్లు బాగా వంచినా బరువుకు ఏడున్నర రెట్లకు పైగా పడుతుంది. ఈ సూత్రం నాకు అప్పటికే తెలుసు. పరీక్షలో వ్రాసినాను కూడా. మాకు మొదటి బహుమతి వచ్చింది. ఆ డబ్బు వాడి కాలికే అయిపోయింది.

ఇంటికి వచ్చినాక అవ్వ అడిగింది: "అంతా బాగుండాదంటలే గానీ, సీతమ్మను యాడ ఇడిసిపెట్టి వచ్చినార్రా?"

నా అభిప్రాయం

మన శాస్త్రాలు నృత్తం, నృత్యం అని భేదం చెప్పినాయి. తాళలయలతో కూడిన శుద్ధమైన అంగవిన్యాసం నృత్తం. భావం, రసం తోడైతే నృత్యం. మార్కుల కాగితానికి నృత్తం కొంతవరకు అందుతుంది. ఎంత ఎత్తు ఎగిరినాడు, తాళం తప్పినాడా అన్నవి చూడవచ్చు. అవ్వ కంట నీరు తెచ్చిన ఆ ఆరు నిమిషాలు దానికి అందవు.

కళా? క్రీడా? అని తేల్చుకోవడానికి నాకు తోచిన పరీక్ష ఇది: గెలుపోటములు తీసివేసి చూడండి, ఏం మిగులుతుంది? చెడుగుడులో ఎవరూ 'అవుట్' కారని అనుకోండి. కూతపెట్టి గీతదాటి పోయి రావడం తప్ప ఏమీ మిగలదు. వెన్నెల్లో ఆడుకొనే పిల్లలు కూడా ఎవరు ఓడినారో తెలిసేదాకా ఇంటికి పోరు. చెక్కభజనలో గెలుపోటములు తీసివేస్తే? శ్రీరామనవమి రాత్రి జరిగేది అదే. ఏమీ తగ్గదు. కాబట్టి నృత్యం కళే. పోటీ దానికి అప్పుడప్పుడు తొడిగే చొక్కా వంటిది. చొక్కా బిగుతైతే విప్పగలగాలి.

"కళలో పోటీలు కొత్తవా? ఆస్థానాల్లో జరగలేదా?" అని మిత్రులు అడగవచ్చు. జరిగినాయి. పోటీ కొందరిని సాధనకు కూర్చోబెడుతుంది, మరుగున పడిన కళను నలుగురి కంట పడేట్టు చేస్తుంది. బ్రేకింగ్ కూడా మొదటి నుండి ఎదురెదురుగా నిలిచి ఆడే నృత్యమే. పోటీ వద్దని నేననను. కాగితంలో లేనిదాన్ని తీసివేయడం ప్రారంభించినామంటే మాత్రం మనం ఆట మార్చినామని తెలుసుకోవాలి.

ఇక రెండవ సంగతి. కళ అన్నంత మాత్రాన నర్తకుడి మోకాలు కళతో చేసినది కాదు. అది కబడ్డీ ఆటగాడి మోకాలు వంటిదే. 2020లో మన కేంద్ర ప్రభుత్వం యోగాసనాన్ని పోటీ క్రీడగా గుర్తించింది. నృత్యానికి కూడా అట్లాంటి గుర్తింపు కావాలని కొందరు అంటారు. గుర్తింపు కోసం నృత్యం క్రీడగా మారనక్కరలేదు. క్రీడాకారుడికి దొరికే శ్రద్ధ నర్తకుడికీ దొరికితే చాలు. ఏ కళాశాలనూ ఎత్తిచూపడానికి కాదు గానీ, యూనియన్ మిత్రులముందు, అధ్యాపకులముందు ఈ మనవులు ఉంచుతున్నాను:

1. యువజనోత్సవాలకు సాధన చేసేవారిచేత కూడా వ్యాయామ అధ్యాపకుని పర్యవేక్షణలో ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించే కసరత్తు చేయించాలి.

2. సిమెంటు గచ్చుమీద, బండలమీద ఎగిరే సాధన మాన్పించాలి. మెత్తని మట్టినేల ఉన్నా చాలు.

3. ఆటగాళ్లకు హాజరు, ఆహారం, వైద్యం విషయంలో ఇచ్చే సౌకర్యాలు నృత్యబృందానికీ ఇవ్వాలి.

4. పోటీల్లో విన్యాసానికి ఇచ్చే మార్కులకు ఒక హద్దు ఉండాలి. భావానికి విడిగా మార్కులు ఉండాలి. తూచడం కష్టమే. ప్రయత్నించకపోవడం ఇంకా నష్టం.

మా చిన్నాయన కొడుకు ఇప్పుడు నడుస్తాడు, పొలం పని చేస్తాడు, ఎగరలేడు. మొన్నటి శ్రీరామనవమికి గురువు ప్రక్కన కూర్చొని తాళం వేసినాడు. సీతమ్మ పాట మళ్లీ పెట్టినాము, ఆరు నిమిషాలూ. నేను గడియారం ఇంట్లోనే వదిలిపెట్టి పోయినాను.