రాత్రి పక్షుల జాడ

మన బడి చింతతొఱ్ఱలోని పైడికంటె వలసపోవునా యని పిల్లలడిగిరి. పోదు, ఏఁడాది పొడవున నిచ్చటనే యుండి, యఱచి తన యునికిని దానే చాటుకొనును.

కడప జిల్లాలోని కలివికోడి యట్లు కాదు. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట కొంతసేపే కూయును. 1900 తరువాత నెవ్వరికిని గానరాని యీ పక్షిని 1986లో రెడ్డిపల్లె చెంత నొక వేటగాఁడు పట్టితెచ్చెను. సాలీం ఆలీగారు చేరులోపల నది చచ్చెను. పట్టుట జాడ దీయు మార్గము కాదని మా యభిప్రాయము. పిమ్మటి శోధకులు పొదల నడుమ మెత్తని మన్ను పఱచి, తెల్లవాఱినంతనే యడుగులు చూచిరి. కౌజునకు వెనుక వ్రేలు గలదు. కలివికోడికి మూఁడు వ్రేళ్లే, అన్నియు ముందునకే. ఇట్లు దాని తావులు తెలిసినందున తెలుగుగంగ కాలువ త్రోవ మార్పఁబడెను.

బాలబాలికలారా, రేపు చింతక్రింద నిసుక చల్లుదము. పైడికంటె పురుగులకై నేల వ్రాలినచో రెండు వ్రేళ్లు ముందునకు, రెండు వెనుకకు నుండవలెను.