ఆటలోని కత్తి, కొలిమిలోని ఉక్కు

మన పాఠశాల బాలురలో పలువురు సెలవుదినములయందు కంప్యూటరు ముందు కూర్చుండి ఖడ్గయుద్ధపు ఆటలాడుచున్నారు. తలిదండ్రులకు ఇది కేవలము కాలహరణముగ తోచును. కాని ఆ యాటలలో ఆయుధముల బలమును నిర్ణయించు పద్ధతి యొక చక్కని గణితము. అందులో సత్యమెంత, కల్పనయెంత యని విచారించిన బాలునకు నిజమైన కత్తి యేల తెగవేయునో, యేల విఱుగునో కూడ తెలియగలదు.

2022వ సంవత్సరమున జపాను దేశపు ఫ్రమ్ సాఫ్ట్‌వేర్ సంస్థ వెలువరించిన ఎల్డెన్ రింగ్ అను ఆటను దృష్టాంతముగ గైకొందము. అందలి ప్రతి యాయుధమునకును మూలబలమొకటి, బరువొకటి, పట్టువానికి ఉండవలసిన కనీసపు అర్హతయొకటి గలవు. గ్రేట్‌స్వోర్డ్ అను పెద్ద ఖడ్గపు బరువు 23. దానిని సరిగా త్రిప్పుటకు దేహబలము 31, హస్తలాఘవము 12 కావలెను. అంత బలము లేనివాడును దానిని పట్టుకొనవచ్చును గాని దెబ్బ మిక్కిలి తగ్గిపోవును. రెండు చేతులతో పట్టినచో దేహబలమును ఒకటిన్నర రెట్లుగ లెక్కింతురు. కావున 21 బలము గలవాడు 31½ గలవానివలె నగును. భిన్నమును విడిచినను 31 మిగులును. అనగా సరిగా చాలినది. ఈ లెక్కను మన ఆఱవ తరగతి పిల్లలు నోటితో చేయగలరు.

పట్టినవాని గుణము ఆయుధమునకు ఎంత తోడ్పడునో తెలుపుటకు అక్షరములుంచిరి. ఎస్ అన్నిటికంటె మేలైనది. తరువాత ఏ మొదలుకొని ఇ వఱకు క్రమముగ తగ్గును. ధర్మవరము దగ్గఱి నిమ్మలకుంట తోలుబొమ్మలను చూచినవారికి ఇది వింతగాదు. భీమునకు గద, అర్జునునకు విల్లు. వానిని మార్చి యిచ్చినచో ఇరువురును చిన్నబోవుదురు. (ఈ యాటలో విశ్వాసమును గూడ అంకెతో కొలుతురు. దానినిగూర్చి ఇచట వాదింపబోను.)

బరువును గూర్చిన నియమము నాకు మిక్కిలి నచ్చినది. మోయగల బరువులో నూటికి 70 పాళ్లు మించినచో ఆటగాడు దెబ్బ తప్పించుకొనుటకు చుఱుకుగ దొర్లలేడు. పెద్ద కత్తి కోరినవాడు తేలికైన కవచముతో తృప్తిపడవలెను.

ఇంతవఱకు సబబే. ఇక కత్తిని బాగుచేయు తీరు చూడుడు. కమ్మరిరాళ్లను ఏరి తెచ్చి యిచ్చినచో సామాన్యాయుధమునకు 25 మెట్ల వఱకు బలము పెరుగును. మెట్టు మెట్టునకు లాభమేగాని నష్టమన్నది లేదు. ఎంత వాడినను కత్తి అరుగదు, విఱుగదు. లోహమెఱిగిన వాడెవ్వడును దీనిని ఒప్పుకొనడు.

నిజమైన కొలిమిలో ఒకటి కావలెనన్న మఱియొకటి విడువవలెను. ఇనుములో బొగ్గుపదార్థము, అనగా కార్బనము, మిక్కిలి తక్కువైనచో కత్తి మెత్తనై వంగును. మిక్కిలి యెక్కువైనచో పోతయినుమువలె పెళుసై పగులును. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున పూర్వము మన తెలుగు కమ్మరులు ఈ రెంటి నడుమ నిలిచిరి. మూసివేసిన మట్టిమూసలలో ఇనుమును కరగించి, మెల్లగ చల్లార్చి, నూటికి సుమారు ఒకటిన్నర పాళ్లు కార్బనము గల ఉక్కును దీసిరి. పారసీక వర్తకులు దానికొఱకు అంత దూరము వచ్చెడివారు. ఇంగ్లీషువారి వూట్జ్ అను మాట మన 'ఉక్కు' నుండియే పుట్టెనని పండితుల యభిప్రాయము.

ఆ ఉక్కును సాగగొట్టుట మఱింత కష్టము. తెల్లగ కాలునంత వేడిచేసినచో సుత్తిదెబ్బకు పొడియగును, చల్లబడనిచ్చినచో పగులును. తెల్లని వేడికి అలవాటుపడిన ఐరోపా కమ్మరులు పలువురు ఈ పనిలో భంగపడిరి. లండనులో మైకేల్ ఫారడే 1819లో ఈ యుక్కును పరీక్షించెను గాని దాని రహస్యమును పూర్తిగ పట్టలేకపోయెను. అలుగుపై నీటియలలవంటి చారలు కార్బనముతో కూడిన గట్టికణములు వరుసలు తీరుటవలన కలుగునని, వెనేడియమువంటి లోహములు లేశమాత్రముండుట దానికి తోడ్పడునని ఇరువదవ శతాబ్దపు చివఱనే తేలినది. అప్పటికి కోనసముద్రపు కొలుములు చల్లారి చాలకాలమైనది.

మన పల్లెలలో వేరుసెనగ పనులకు ముందు కమ్మరి కొడవలికి పదును పెట్టునప్పుడు బాలురు నిలిచి చూడవలెను. అతడు అంచును ఎఱ్ఱగ కాల్చి నీట ముంచును. అప్పుడది గాజువలె గట్టిపడును గాని రాతికి తగిలినచో చిట్లును. అందుచేత మరల కొంచెము వేడిచేయును. తోమిన యుక్కుపై మొదట గడ్డిరంగు, పిదప గోధుమరంగు, ఊదా, నీలము వచ్చును. గడ్డిరంగున ఆపినచో గట్టితనమెక్కువ, నీలమున ఆపినచో సాగుడెక్కువ. ఎచట ఆపవలెనో అతని కన్ను నిర్ణయించును.