నవ్వు ఆగాక ఏం చెప్తావు?

సౌమ్యా,

మొన్న మీ అమ్మ పంపిన వీడియో చూశాను. ఆస్ట్రేలియాలో ఉండే వాంబాట్ అనే జంతువు పెంటికలు నలుచదరపు ముక్కలుగా పడతాయని నువ్వు అనగానే బడి పిల్లలంతా గొల్లుమన్నారు. నవ్వించడం నీకు పుట్టుకతోనే వచ్చింది. ఆ విషయంలో నా సలహా అక్కర్లేదు. కానీ ఆ నవ్వు సద్దుమణగకముందే నువ్వు గాల్లో తేలిన కప్పకు వెళ్లిపోయావు, అక్కణ్ణించి ముక్కులో వేలు పెట్టుకునే పిల్లల దగ్గరికి. ఒక పిల్లాడు చెయ్యెత్తి చాలాసేపు చూసి, చివరికి దించేశాడు. వాడు అడగాలనుకున్నది "ఎలా?" అనే అయ్యుంటుంది.

వచ్చేసారి నాలుగు వింతలు చెప్పేచోట ఒకటే చెప్పు, ఆ ఎలాతో సహా చెప్పు.

వాంబాట్ సంగతే చూడు. ఆ ఆకారం ఎక్కడ వస్తుందో ముందు పిల్లల్నే అడుగు. బయటికొచ్చే దారే చదరంగా ఉంటుందేమో అంటారు. అననీ. ఆ దారి గుండ్రంగానే ఉంటుంది. కిటుకంతా పేగులో ఉంది. పేగు గోడ చుట్టూ ఒకే తీరుగా ఉండదు, కొన్నిచోట్ల బిగువుగా, కొన్నిచోట్ల మెత్తగా ఉంటుంది. బిగువు భాగం గబగబా ముడుచుకుంటుంది, మెత్తటి భాగం నిదానంగా. లోపలున్నది ఎండుతూ వచ్చేకొద్దీ దానికి మూలలు తేలతాయి. దీన్ని తేల్చినందుకు ప్యాట్రీషియా యాంగ్, డేవిడ్ హూ బృందానికి 2019లో ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి అది. నలుచదరపు వస్తువు కావాలంటే మనం అచ్చులో పొయ్యాలి, లేదా కొయ్యాలి. మెత్తటి గొట్టంలోంచి కూడా మూలలు తేలిన వస్తువు వస్తుందని ఎవరనుకుంటారు? ఇక్కడికొచ్చేసరికి పిల్లలు నవ్వడం మానేసి వింటారు.

ఈ ఇద్దరిదే ఇంకో పని ఉంది. నాకు దానిమీదే ఎక్కువ ప్రేమ. మూడు కిలోలు దాటిన క్షీరదాలు పెద్దవైనా చిన్నవైనా మూత్రం పోయడానికి దాదాపు ఒకే సమయం తీసుకుంటాయట, సుమారు 21 సెకన్లు. ఏనుగు మూత్రాశయంలో 18 లీటర్లు పడుతుంది. మేకది అందులో ఏ మూలకూ రాదు. అయినా సమయం దగ్గర దగ్గరే. ఏనుగుకు మూత్రనాళం వెడల్పు, పైగా మీటరు పొడవు. నీళ్ల ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే కుళాయి అంత జోరుగా వచ్చినట్టు, నాళం పొడవయ్యేకొద్దీ ధార వేగం పెరుగుతుంది. ఎలుకలకు ఈ లెక్క వర్తించదు, అవి చుక్కలుగా వదిలేస్తాయి.

వీడియోలో నువ్వూ దీని గురించి చెబుతూ 21 అన్నావు, బాగుంది. పరిశోధకులు రాసింది మాత్రం "21, 13 అటూ ఇటూ". అంటే 8 సెకన్లయినా, 34 అయినా లెక్కలోకే వస్తుంది. ఆ 13ని మింగేస్తే వినడానికి ఇంకా వింతగా ఉంటుంది, నిజమే. వాట్సాప్‌లో తిరిగే సైన్సంతా అలా మింగేసిందే. నువ్వు మింగకు.

కప్ప విషయంలో ఇంకో జాగ్రత్త. 1997లో నెదర్లాండ్స్‌లోని నైమేఖెన్‌లో ఆంద్రే గైమ్ వాళ్లు 16 టెస్లాల అయస్కాంతం లోపల బతికున్న కప్పను తేల్చారు. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం దీని ముందు వెయ్యోవంతు కూడా ఉండదు. కప్ప ఒంట్లో ఉండేది ఎక్కువగా నీళ్లే. నీటిని అయస్కాంతం అతి కొంచెంగా వెనక్కి నెడుతుంది. అయస్కాంతం బలం అంత పెంచేసరికి ఆ కొంచెమే కప్ప బరువును మోసింది. పిల్లలకు ఇంత చాలు, "డయామాగ్నెటిజం" అన్న మాట బోర్డుమీద రాసి భయపెట్టక్కర్లేదు. దీనికి 2000లో మైకేల్ బెర్రీతో కలిసి గైమ్‌కు ఇగ్ నోబెల్ వచ్చింది. 2010లో అసలు నోబెలే వచ్చింది, నొవొసెలోవ్‌తో కలిపి, గ్రాఫీన్‌కు. పెన్సిల్లో ఉండే గ్రాఫైట్‌నే టేపుతో పొరలు పొరలుగా ఊడబెరికి సాధించారు దాన్ని. కప్పవల్ల నోబెల్ వచ్చిందని మాత్రం చెప్పకు, ఆ రెండూ వేరు వేరు పనులు. ఒక మనిషికి ఇలాంటి సరదాలు కూడా ఉన్నాయని చెప్పు, చాలు.

ముక్కు సంగతి మనవాళ్లది. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో చిత్తరంజన్ ఆంద్రాదే, శ్రీహరి 200 మంది బడి పిల్లల్ని అడిగితే దాదాపు అందరూ ఒప్పుకున్నారు, రోజుకు సుమారు నాలుగుసార్లు అని. ఆ పని 2001లో ఇగ్ నోబెల్ అందుకుంది. ఇందులో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇది పిల్లలు తమ గురించి తాము చెప్పిన లెక్క, పక్కన కూర్చుని లెక్కపెడితే ఎంత తేలేదో? ఈ ప్రశ్న నీ నోటినుంచి కాక పిల్లల నోటినుంచి వచ్చేలా చూడు.

సభలో ఎవరో ఒక పెద్దాయన లేచి "వీటికా అమ్మా డబ్బు తగలేసేది?" అంటాడు. కోపం తెచ్చుకోకు, న్యాయమైన ప్రశ్నే. ఉపయోగం ఉన్నచోట చెప్పు. లేనిచోట తెలుసుకోవాలనిపించి చేశారని చెప్పి ఊరుకో, లేని ఉపయోగం అంటగట్టకు.

వచ్చే నెల పల్లెటూరి బడికి వెళ్తున్నావట. అక్కడ గేదెలుంటాయి, మేకలుంటాయి, ఎవరో ఒక టీచరు దగ్గర సెల్‌ఫోన్ ఉంటుంది. 21 సెకన్ల మాట ముందుగా చెప్పకు. పిల్లల్ని జట్లుగా చేసి, సాయంత్రం పశువులు ఇంటికొచ్చే వేళ స్టాప్‌వాచ్‌తో లెక్కపెట్టమను. కుక్కల్ని వదిలెయ్యి, అవి స్తంభం స్తంభానికీ కాస్త కాస్త పోసుకుంటూ పోతాయి. ఏ పశువుకు ఎంత పట్టిందో పిల్లలే పట్టిక గీస్తారు. ఆ పట్టిక నాకు పంపు. 21కి కుదరని అంకెలు ఉంటే కొట్టెయ్యకుండా పంపు.

ఇట్లు,
మీ మావయ్య