గండికోట: పెన్నా నది చెక్కిన లోయ

బదిలీ ఉద్యోగుల పిల్లలమైన మనకు సొంత ప్రాంతపు కొండలూ నదులూ ఎక్కువగా పుస్తకాల్లోనే పరిచయం. భిలాయి నుంచి సెలవులకు వెళ్లినప్పుడు అమ్మమ్మగారి ఊరు చూసి తిరిగి వచ్చేస్తాం. ఈసారి కుటుంబంతో కలిసి గుడారంలో ఒక రాత్రి గడిపి, కాలినడకన చూడదగిన ఒక చోటు గురించి తెలుసుకుందాం.

ఎక్కడ ఉంది?
గండికోట వైఎస్సార్ కడప జిల్లాలో, జమ్మలమడుగుకు సుమారు 15 కి.మీ. దూరంలో ఉంది. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన పెన్నా నది 597 కి.మీ. ప్రవహించి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. దారిలో ఎర్రమల కొండలను కోసుకుంటూ పోతుంది. చెరువు కట్ట తెగితే 'గండి పడింది' అంటాం కదా! కొండకు పడిన గండి పక్కన కట్టినది కాబట్టి ఇది గండికోట. పెమ్మసాని నాయకులు ఏలిన ఈ కోటలో మాధవరాయ, రంగనాథ ఆలయాలు, జామా మసీదు, ధాన్యాగారం ఉన్నాయి.

లోయ ఎలా ఏర్పడింది?
ఇక్కడి రాయి పేరు క్వార్ట్‌జైట్. వంద కోట్ల ఏళ్లకు పూర్వమే పేరుకున్న ఇసుక గట్టిపడి ఇలా మారింది. మన ఉక్కు కర్మాగారం వంటి చోట్ల కోక్ ఓవెన్లకు వాడే సిలికా ఇటుకలు ఈ జాతి రాతితోనే తయారవుతాయి. ఇంత గట్టి రాయిని నీరు ఎలా కోసింది? నీరు ఒక్కటే కోయలేదు. వరదలో కొట్టుకొచ్చే ఇసుక, గులకరాళ్లు అడుగును అరగదీశాయి. పగుళ్లు వెడల్పై పక్క బండలు విరిగిపడ్డాయి. రాయి గట్టిది కాబట్టి అంచులు గోడల్లా నిలువుగా మిగిలాయి. కడప జిల్లాలో ఏటా కురిసే వాన సుమారు 700 మి.మీ. మాత్రమే. అందుకే రాతిని కప్పే పచ్చదనం తక్కువ.

నడిచేటప్పుడు
కొండ ఎక్కేవారికి అలసట వచ్చేసరికి దిగుడు మొదలవుతుంది. లోయలో ఇది తలకిందులు. తేలికగా దిగిపోతాం, అలసిన తరువాత ఎండలో ఎక్కాలి. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌లోనూ నడిచేవారికి ముందుగా చెప్పేది ఇదే. కాబట్టి:

1. సీసాలో నీళ్లు సగం అయ్యేలోపే వెనక్కి తిరగాలి.
2. దిగడానికి పట్టిన సమయానికి రెట్టింపు ఎక్కడానికి ఉంచుకోవాలి.
3. మే నెలలో కాక, నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్లాలి.
4. అంచుకు దూరంగా గుడారం వేయాలి. చీకటిలో టార్చి లేకుండా, పెద్దలు తోడు లేకుండా కదలకూడదు.
5. ఉదయం బూట్లు దులిపి తొడుక్కోవాలి. తేళ్లు దూరి ఉండవచ్చు.
6. నదిలో దిగకూడదు. చెత్తను తిరిగి తెచ్చేయాలి.

భిలాయిలో మనం ఏం చూడవచ్చు?
భిలాయి కర్మాగారానికి సున్నపురాయి ఇచ్చిన నందిని గనులు మన దుర్గ్ జిల్లాలోనే ఉన్నాయి. ఆ సున్నపురాయి కూడా ప్రాచీన సముద్రపు అడుగున పేరుకున్నదే. ఊరు మారినా నేల చెప్పే కథను చదవడం నేర్చుకుంటే ఏ ఊరూ మనకు పరాయిది కాదు.

అభ్యాసం
1. ఒక్కొక్కరికి రోజుకు 4 లీటర్ల చొప్పున నలుగురికి రెండు రోజులకు ఎన్ని లీటర్ల నీరు కావాలి?
2. దిగడానికి గంట, అడుగున అరగంట పడితే, ఉదయం 10 గంటలకల్లా పైకి చేరాలంటే ఎప్పుడు బయలుదేరాలి?
3. మీ సొంత ఊరి దగ్గరి నది ఎక్కడ పుట్టిందో పెద్దలను అడిగి రాయండి.